సిద్దయ్యని పూలకి ఎందుకు పంపినట్టు?

మా అవ్వ వాళ్ళది కమలాపురం. కడప నుంచి ఎర్రగుంట్ల పోయే దారిలో వల్లూరు దాటాక పాపాఘ్ని వంతెన వస్తుంది, అది దాటితే మా ఊరు. ఆ ఏట్లో నీళ్ళకంటే ఇసుకే ఎక్కువ చూశాన్నేను. 2010 ఎండాకాలం సెలవుల్లో, అంటే ఎనిమిదో తరగతి అయిపోయినప్పుడు, ఆ ఊళ్ళో నాకున్న పని ఒక్కటే. పక్కింటి పరుపుల తాత దగ్గర టీవీ చూడ్డం. (మా అవ్వ ఇంట్లోనూ టీవీ ఉండేది. రిమోట్ మా చిన్నమ్మ చేతిలో ఉండేది, అదీ సంగతి.)

పరుపుల తాత దూదేకులాయన. పరుపులు, దిండ్లు కుట్టేవాడు. అప్పటికే డెబ్బైకి దగ్గర్లో ఉన్నాడు. నాకూ ఆయనకీ స్నేహం ఎలా కుదిరిందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆయన మాటలు తక్కువ, నా ప్రశ్నలు ఎక్కువ. బహుశా అందుకే కుదిరిందేమో.

ఒక మధ్యాహ్నం ఎన్టీఆర్ సినిమా వేశారు, 'శ్రీమద్విరాట్ వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర'. మహిమలు, కాలజ్ఞానం, నవాబులు పెట్టే పరీక్షలు... నాకు మాంచి కాలక్షేపం. తాత కూడా కదలకుండా చూశాడు. కానీ చివర్లో, బ్రహ్మంగారు సమాధిలోకి వెళ్ళే ఘట్టం దగ్గరికి వచ్చేసరికి "ఇంగ ఐపాయలే అబ్బీ" అని లేచి బయట అరుగు మీద కూర్చున్నాడు. అవ్వలేదు తాతా, ఇంకా ఉంది అంటే వినలేదు. ఆ సెలవుల్లోనే ఆ సినిమా మళ్ళీ ఒకసారి వచ్చింది. మళ్ళీ అంతే. సరిగ్గా అదే చోట లేచాడు.

ఇది బగ్ కాదు, ఫీచర్ అని అర్థమైంది నాకు :)

అడిగితే అప్పుడు చెప్పాడు. తనకి పదహారేళ్ళప్పుడు ఊళ్ళో బ్రహ్మంగారి నాటకం కట్టారట. సిద్దయ్య వేషం ఈయనది. దూదేకుల పిల్లోడు కావాలని కాదు, పాట పాడగలడని ఇచ్చారట. బ్రహ్మంగారి వేషం కట్టింది పక్క వీధి ఆచారి ఒకాయన, అప్పటికే ముసలాయన. కొలిమి పని. పగలు పలుగులు, కర్రులు సరిచేసేవాడు, రాత్రి పెట్రోమాక్స్ లైటు కింద ఈ పిల్లోడికి తత్వాలు నేర్పేవాడు. నాటకం ఎన్నో ఊళ్ళు తిరిగింది, ఏళ్ళ తరబడి ఆడింది. తర్వాత ఆ ఆచారి పోయాడు. పోయిన రోజు తాత పత్తి బేరానికి ప్రొద్దుటూరులో ఉన్నాడు.

అంతవరకే చెప్పాడు. ఆ తర్వాత నన్నే ఒక ప్రశ్న అడిగాడు.

"సామి ఆ పొద్దు సిద్దయ్యను పూలకి ఎందుకు పంపినాడో చెప్పు సూద్దాం?"

ఈ ప్రశ్న పదిహేనేళ్ళు నా బుర్రలో ఉంది. ఇప్పుడు రాసేది దాని గురించే. నేను చరిత్రకారుణ్ణి కాదు, పొద్దున్నుంచి రాత్రి దాకా కోడ్ రాసుకునేవాణ్ణి. అయినా ఇష్టమైన విషయం కాబట్టి తెలిసినంతలో చెప్తాను.

కథ తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా. పోతులూరి వీరబ్రహ్మంగారిది విశ్వబ్రాహ్మణ కులం. సంప్రదాయం ప్రకారం 1608లో పుట్టారు, 1693లో వైశాఖ శుద్ధ దశమి నాడు కందిమల్లాయపల్లెలో జీవసమాధి అయ్యారు. ఆ కందిమల్లాయపల్లెనే ఇప్పుడు బ్రహ్మంగారి మఠం అంటున్నాం, మైదుకూరు నుంచి పోవాలి. సిద్దయ్య అక్కడికి దగ్గర్లోని ముడుమాల పిల్లవాడు. దూదేకుల పీరుసాహెబు, ఆదంబీల కొడుకు. కుర్రతనంలోనే ఇల్లు వదిలి బ్రహ్మంగారి దగ్గరికి వచ్చేశాడు. తల్లిదండ్రులు ఏడ్చారు, బంధువులు కోప్పడ్డారు, పంచాయితీ నవాబు దాకా పోయింది. కొడుకు వెనక్కి పోలేదు.

సమాధి రోజు దగ్గర పడ్డాక బ్రహ్మంగారు సిద్దయ్యని పిలిచి, బనగానపల్లెకి పోయి పూలు పట్టుకురా అన్నారు. సిద్దయ్య పోయాడు. తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. సమాధి మీద పడి ఏడ్చి, ప్రాణం తీసుకోబోతే, లోపల్నుంచి పలికి, బయటికొచ్చి, దండం, కమండలం, పాదుకలు, ముద్రిక శిష్యుడి చేతిలో పెట్టి మళ్ళీ లోపలికి వెళ్ళారని కథ. తాత లేచిపోయేది సరిగ్గా సిద్దయ్య పూలకి బయల్దేరే చోట.

ముందు సినిమా సంగతి చూద్దాం, అదీ ఇప్పుడు చరిత్రే కదా.

ఆ సినిమా తీసిందీ, దర్శకత్వం చేసిందీ, బ్రహ్మంగారి వేషం కట్టిందీ ఎన్టీ రామారావే. సిద్దయ్య బాలకృష్ణ. అంటే తెర మీద గురువు, శిష్యుడు. తెర వెనక తండ్రి, కొడుకు. సెన్సారు దగ్గర చిక్కుకుని చాలాకాలం ఆగిపోయిన సినిమా అది. ఈ లోపల ఆయన 1982 మార్చి 29న పార్టీ పెట్టడం, 1983 జనవరి 9న ముఖ్యమంత్రి కావడం జరిగిపోయాయి. చివరికి 1984 నవంబర్‌లో విడుదలైంది. ఆ ఏడాది ఎలాంటిదో గుర్తు చేసుకోండి. ఆగస్టులో గవర్నర్ రామ్‌లాల్ ఆయన్ని దించేశారు, నాదెండ్ల భాస్కరరావు గద్దెనెక్కారు, సెప్టెంబర్ 16న రామారావు మళ్ళీ వచ్చారు. అక్టోబర్ 31న ఇందిరా గాంధీ హత్య. ఆ తర్వాత నెల తిరక్కుండా థియేటర్లో ఒక ముఖ్యమంత్రి కాషాయం కట్టుకుని జరగబోయేది చెప్తున్నాడు! రంగు పూసుకున్నవాళ్ళు రాజ్యమేలతారని, ఒక విధవరాలు పదహారేళ్ళు ఏలుతుందని కాలజ్ఞానంలో ఉందని జనం చెప్పుకునేవి రెండూ అప్పటికి జరిగిపోయినట్టే లెక్క. ఆ హాల్లో కూర్చున్నవాళ్ళకి ఒళ్ళు జలదరించి ఉంటుంది. తాత ప్రొద్దుటూరులో చూశాడట, అప్పుడూ చివరిదాకా కూర్చోలేదట.

(అన్నట్టు అదే 1984లో బాలకృష్ణకి పెద్ద పేరు తెచ్చిన సినిమా 'మంగమ్మగారి మనవడు'. పదేళ్ళ ముందు, పద్నాలుగేళ్ళ వయసులో మొదటిసారి తెరకెక్కింది 'తాతమ్మ కల'లో. రెండింట్లోనూ పెద్దావిడ భానుమతే. ముసలివాళ్ళు, కుర్రాళ్ళ కథలు ఈయన్ని భలే వెతుక్కుంటూ వచ్చాయి.)

నాకు సినిమా మీద ఒక ఫిర్యాదుంది. సినిమాదే కాదు, మనందరి అలవాటు మీదే. బ్రహ్మంగారనగానే మనకి కావాల్సింది భవిష్యత్తు. ఎద్దుల్లేని బండ్లు, నీళ్ళతో వెలిగే దీపాలు. 2020లో కరోనా వచ్చినప్పుడు 'కోరంకి' అనే జబ్బు గురించిన తత్వం మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఒకే రోజు నాలుగుసార్లు వచ్చింది. ఒకటి మా మేనమామ పంపాడు, ఆయనకి ఇంజనీరింగ్ డిగ్రీ ఉంది.

కాలజ్ఞానం మీద నాకు గౌరవం లేక కాదు. కానీ సాఫ్ట్‌వేర్ భాషలో చెప్తే అది ఎవరు, ఎప్పుడు, ఏ లైను కలిపారో లాగ్ లేని రిపాజిటరీ. తాటాకుల్లో నకళ్ళు, నోటి పాటలు, నాటకాలు, ఆ తర్వాత బస్టాండుల్లో అమ్మే చిన్న పుస్తకాలు. ఒక్కో పుస్తకంలో ఒక్కో రకం. జరిగిపోయిన తర్వాత రాసినదేదో, ముందు రాసినదేదో విడదీయడం మహా కష్టం. జనం పాడుకునే గ్రంథం అలాగే పెరుగుతుంది, దాన్ని మోసం అనక్కర్లేదు. కానీ దాన్ని న్యూస్ పేపర్లా చదివితే అసలు సంగతి జారిపోతుంది.

అసలు సంగతేంటంటే, ఆ తత్వాల్లో చాలావాటిలో పిలుపు ఉంది. సిద్ధా, సిద్ధా అని. అంటే అది లోకానికి ఇచ్చిన ప్రకటన కాదు. ఒక ముసలాయన, ఎదురుగా కూర్చున్న ఒక కుర్రాడికి చెప్పుకుంటున్న మాటలు. మనం పక్కన నిలబడి వింటున్నాం, అంతే.

ఇక చరిత్ర ఎంతవరకు తోడొస్తుందో చూద్దాం. బ్రహ్మంగారి జీవితం గురించి మనకున్నది చాలావరకు తర్వాతి కాలపు చరిత్రలు, తత్వాలు, స్థలపురాణాలే. కాబట్టి మనిషిని వదిలి చుట్టూ ఉన్న కాలాన్ని పట్టుకోవాలి. అది మాత్రం బాగానే దొరుకుతుంది.

1565లో విజయనగరం దెబ్బతిన్నాక మన సీమలో పాలెగాళ్ళు, నాయకులు ఎవరి కోట వాళ్ళు చూసుకున్నారు. గండికోట పెమ్మసాని నాయకుల చేతిలో ఉండేది. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దాన్ని పట్టుకున్నాడు. రెండేళ్ళ తర్వాత, 1652లో, వజ్రాల వ్యాపారి టావెర్నియె మీర్ జుమ్లాని వెతుక్కుంటూ గండికోటకే వచ్చాడు. ఆయన రాసిన యాత్రాపుస్తకంలో ఒక ముచ్చట ఉంది. గుళ్ళలోని రాగి విగ్రహాలు తెప్పించి, ఒక ఫ్రెంచి పనివాడి చేత ఫిరంగులు పోయించబోయాడట మీర్ జుమ్లా. అన్నీ కరిగాయి గానీ గండికోట గుడిలోని ఆరు విగ్రహాలు మాత్రం ఎంత చేసినా కరగలేదట. వడ్డీలు, రత్నాల బరువులు రాసుకునే వ్యాపారి పుస్తకంలోకి కూడా మహిమ వచ్చి కూర్చుంది చూశారా! ఆ రోజుల్లో ఇక్కడి గాలే అలాంటిదేమో. సంప్రదాయం చెప్పే తేదీలు నిజమైతే అప్పటికి బ్రహ్మంగారికి నలభై దాటి ఉంటాయి.

నవాబు సంగతి ఇంకా గమ్మత్తు. కథల్లో 'కడప నవాబు' సిద్దయ్యని పిలిపించి నిలదీస్తాడు, సిద్దయ్య చూపుతో బండరాయి పగలగొడతాడు. కానీ మనం కడప నవాబులు అని పిలిచే మయానా వంశం, అబ్దుల్ నబీఖాన్ వగైరా, పేరు తెచ్చుకున్నది 18వ శతాబ్దం మొదట్లో. 1693కి ముందు కడపలో ఉన్నది గోల్కొండ కుతుబ్‌షాహీల తరఫు అధికారులు. వాళ్ళలో నేక్‌నామ్ ఖాన్ పేరు మీద కడప పక్కన నేక్‌నామాబాద్ వెలిసింది, ఆయన 1672లో చనిపోయాడు. 1687లో ఔరంగజేబు గోల్కొండనే మింగేశాడు. మరి ఆ పంచాయితీ చేసిందెవరు? ఎవరో ఒక ఫౌజుదారు అయ్యుంటాడు, తర్వాతి తరాల వాళ్ళు తమకి తెలిసిన 'నవాబు' మాట అతనికి తగిలించి ఉంటారని నా ఊహ. పేరు మారినా పంచాయితీ జరగదగ్గదే. ఒక తురక పిల్లోడు ఇల్లు వదిలి ఒక కంసాలి దగ్గర కూర్చుంటే, అప్పుడైనా ఇప్పుడైనా ఊరు ఊరుకుంటుందా?

నాకు ఇంకొకటి తడుతూ ఉంటుంది. బ్రహ్మంగారి చుట్టూ ఉన్నవాళ్ళని చూడండి. ఆయన విశ్వబ్రాహ్మణుడు, కులవృత్తి కొలిమి, కంసాలం, వడ్రంగం. సిద్దయ్య దూది ఏకేవాళ్ళ బిడ్డ. కక్కయ్య తోలు పని. (శరీరంలోనే దేవుళ్ళున్నారని గురువు సిద్దయ్యకి చెప్తుంటే విని, నిజమేనేమో చూద్దామని పెళ్ళాన్ని కోసేసిన కక్కయ్య కథ తెలుసు కదా. బ్రహ్మంగారు ఆమెని బతికించారని చెప్తారు. విన్నదాన్ని అక్షరాలా తీసుకునేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారన్నమాట.) అందరూ చేతిపనివాళ్ళే. రాజులు, పండితులు ఈ కథలోకి పరీక్షలు పెట్టడానికి వస్తారు, అంతే.

ఉత్తరాదిన కూడా చూడండి. కబీర్ నేతపనివాడు, రామానందుడి శిష్యుడంటారు. దాదూ దయాళ్ దూది ఏకే వృత్తివాడని చెప్పుకుంటారు. పత్తికీ ఈ దారికీ ఏదో లంకె ఉంది! నాకు తోచిన కారణం చాలా మామూలుది. దూది ఏకే మనిషి విల్లు భుజాన వేసుకుని ఇంటింటికీ తిరగాలి. ఆయన ఏకిన దూది అన్ని కులాల వాళ్ళ పరుపుల్లోకీ పోతుంది. దూదేకులవాళ్ళు ఇంట్లో మాట్లాడేది తెలుగు. నమాజుకి పోతారు, పక్కింట్లో పెళ్ళికి పందిరీ వేస్తారు. "అటు సాయిబులు మమ్మల్ని తురకలనరు, ఇటు మీరు మమ్మల్ని తురకలంటారు" అని తాత నవ్వుతూ అనేవాడు. నవ్వుతూనే అనేవాడు గానీ అది నవ్వే మాట కాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

కర్ణాటకలో శిశునాళ షరీఫ్ (1819–1889), ఆయన గురువు గోవింద భట్టు కథ కూడా దాదాపు ఇదే. బ్రాహ్మణ గురువు, ముస్లిం శిష్యుడు. నాగాభరణ 1990లో సినిమా తీశారు, గోవింద భట్టుగా గిరీశ్ కర్నాడ్ వేశారు. నేను బెంగళూరు వచ్చిన కొత్తలో ఒక కన్నడ కొలీగు చూపించాడు. ఆ సినిమాలో మహిమల కంటే ఇద్దరి మధ్య చనువు మీద దృష్టి ఎక్కువ. మన సినిమా కూడా అటు ఇంకాస్త ఒరిగుంటే ఎంత బాగుండేదో అనిపించింది.

సరే, పూల దగ్గరికి వద్దాం.

మామూలుగా చెప్పే కారణం, సిద్దయ్య ఉంటే తట్టుకోలేడని, అడ్డుపడతాడని పంపించేశారు. అది నిజమే అయ్యుండొచ్చు. కానీ బనగానపల్లెకే ఎందుకు?

ఒకరోజు ఆఫీసులో బిల్డ్ అయ్యేదాకా ఖాళీగా కూర్చుని మ్యాప్ తెరిచి చూశాను. బ్రహ్మంగారి మఠం నుంచి బనగానపల్లెకి రోడ్డు మీద వంద కిలోమీటర్ల పైమాటే. రోజుకి ముప్ఫై కిలోమీటర్లు నడిచినా పోవడానికి మూడు రోజుల పైన, రావడానికి ఇంకో మూడు రోజుల పైన. వెరసి వారం. వైశాఖ మాసం, మన సీమ ఎండలు. మల్లెపూవు మూడు గంటలు నిలవదు, మూడు రోజులేంటి? పూలు వాడిపోతాయని ఎనభై దాటిన ముసలాయనకి తెలీదా? సిద్దయ్యకి మాత్రం తెలీదా? చుట్టూ నల్లమల, లంకమల అడవులు పెట్టుకుని పూలకి బనగానపల్లె పోవాలా?

అంటే వెళ్ళేవాడికీ, పంపేవాడికీ ఇద్దరికీ తెలుసు, ఇది పూల పని కాదని. తెలిసే వెళ్ళాడు అనుకుంటే కథ మొత్తం మారిపోతుంది. మోసపోయిన శిష్యుడి కథ కాదు అది. పెద్దాయన అడగలేని మాటని చిన్నవాడు అడక్కుండానే ఒప్పుకున్న కథ.

ఇంకొకటి. బనగానపల్లె బ్రహ్మంగారికి ఏమవుతుంది? తను కుర్రాడుగా దేశాలు తిరుగుతూ వచ్చి చేరిన ఊరు. గరిమిరెడ్డి అచ్చమ్మ అనే పెద్దావిడ ఇంట్లో పశువులు కాశాడు. రవ్వలకొండ గుహలో కూర్చుని కాలజ్ఞానం రాశాడు. పశువుల కాపరి కుర్రాడి దగ్గర ఏదో ఉందని మొదట కనిపెట్టింది ఆవిడే, ఆ తర్వాత ఉపదేశం తీసుకుందీ ఆవిడే. రాసిన తాటాకుల్ని ఆ ఇంటి దగ్గరే పాతిపెట్టి పైన చింతచెట్టు నాటారంటారు. అంటే అక్కడ ఈయన కుర్రాడు, ఆవిడ పెద్దది. కందిమల్లాయపల్లెలో ఈయన పెద్దాయన, సిద్దయ్య కుర్రాడు. పోయే ముందు తన కుర్రవాణ్ణి తను కుర్రవాడుగా ఉన్న ఊరికి పంపాడు. పూలు తెమ్మన్నది సాకు, ఆ ఊరు ఒక్కసారి చూసి రమ్మనడం అసలు పని అయ్యుండొచ్చు.

ఇది ఏ పుస్తకంలోనూ లేదు, నా బుర్రలో పుట్టిందే. ఆధారం ఏంటని అడిగితే మ్యాప్ ఒక్కటే.

ఇది తాతకి చెప్పాలనుకున్నా. ఫోన్లో చెప్పే విషయం కాదు కదా, ఊరికి పోయినప్పుడు చెప్దాంలే అనుకున్నా. తర్వాత కరోనా, ఇంటి నుంచి పని, రిలీజులు. ఆయనకి ఒంట్లో బాలేదని తెలుసు. ఒకసారి మా అవ్వ ఫోన్ ఇచ్చినప్పుడు "ఎప్పుడొస్తావబ్బీ" అన్నాడు. వస్తా తాతా, ఈ ప్రాజెక్టు అయిపోనీ అన్నా. "పని సూసుకో పని సూసుకో, తొందరేం ల్యా" అన్నాడు. నేను దాన్ని అక్షరాలా తీసుకున్నా, కక్కయ్యలాగా.

2021 నవంబర్‌లో పెద్ద వానలు. చెయ్యేరు మీద అన్నమయ్య డ్యామ్ తెగి రాజంపేట వైపు ఊళ్ళు కొట్టుకుపోయినవి ఆ వానలే. నేనెప్పుడూ ఇసుకే చూసిన పాపాఘ్ని కూడా నిండా పారింది. నవంబర్ 21న మా ఊరి వంతెన కూలిపోయింది. ఆ తర్వాత రెండు రోజులకి మా అవ్వ ఫోన్ చేసింది, పరుపుల తాత పోయినాడని. బెంగళూరు నుంచి రాయచోటి మీదుగా కడప దాకా వచ్చా. ముందుకు దారి లేదు. కడప నుంచి ఇరవై ఐదు కిలోమీటర్ల ఊరికి మైదుకూరు, ప్రొద్దుటూరు, ఎర్రగుంట్ల చుట్టూ తిరిగి పోవాల్సొచ్చింది. మైదుకూరు దగ్గర బ్రహ్మంగారి మఠం బోర్డు చూశా. నేను చేరేసరికి మట్టి చేసేసి అప్పటికి చాలాసేపైంది. వాళ్ళలో ఆలస్యం చెయ్యరు కదా.

వాళ్ళబ్బాయి కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. నాన్న చివర్లో నీ పేరు ఎత్తినాడు, ఆ పిల్లోనికి చెప్పద్దండి, వానల్లో బయల్దేరతాడు అన్నాడు అని చెప్పాడు. ఏమనాలో తెలీక, నాటకం రోజుల నాటి ఫోటో ఏదైనా ఉందా అని అడిగా. లేదు.

నా ప్రశ్నకి తాత జవాబు నాకు ముందే తెలుసు, ఇక్కడ ఇందాక దాటేశా. 2010లోనే, నేను ఓడిపోయా నువ్వే చెప్పు తాతా అంటే చెప్పాడు. "పిల్లోడు ఎదురుగా ఉంటే సామికి కాళ్ళు ఆడవు రా. వాడు తట్టుకోలేడని గాదు, తను పోలేడని పంపినాడు." పదమూడేళ్ళకి నాకది అర్థం కాలేదు. దేవుడంతటాయనకి కాళ్ళాడకపోవడమేంటి, అన్నాను. తాత జవాబివ్వలేదు, టీవీ ఆపి అరుగు మీదికి వెళ్ళాడు.

ఆయన చెప్పింది, నేను మ్యాప్ చూసి కట్టుకున్నది ఒకదానికొకటి అడ్డం కాదు. రెండూ ఒకేసారి నిజం కావచ్చు. ఎటొచ్చీ ఆయన జవాబు, ముసలాయన వైపు నుంచి ఆలోచించినది. నాది కుర్రాడి వైపు నుంచి. ఆయన పదహారేళ్ళకి సిద్దయ్య వేషం వేసి, డెబ్బై వచ్చేసరికి బ్రహ్మంగారి వైపుకి జరిగిపోయాడు.

పోయిన వేసవిలో ఆరాధన రోజులు దాటాక, జనం తగ్గాక మఠానికి వెళ్ళొచ్చా. సమాధి చూశాను. అక్కణ్ణుంచి ముడుమాల పోయి సిద్దయ్యగారి మఠం కూడా చూశాను. అక్కడికొచ్చేవాళ్ళలో టోపీ పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు, బొట్టు పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. కడపవాళ్ళకి ఇది వింతేం కాదు. ఉగాదికి దేవుని కడప గుడికి బీబీ నాంచారమ్మ కోసం ముస్లింలు రావడం, మా కమలాపురం దర్గా ఉరుసుకి మా ఇళ్ళవాళ్ళు పోవడం చూసినవాళ్ళమే. అయితే ఇవన్నీ ఎప్పటికీ ఇలాగే ఉంటాయని కాలజ్ఞానంలో ఎక్కడా రాసిలేదు. ఎవరో ఒకరు పోతూ ఉంటే ఉంటాయి.

బ్రహ్మంగారి మఠం బయట పూలమ్మే ఆమె దగ్గర రెండు మూరలు తీసుకున్నా. ఈ పూలు ఎక్కణ్ణుంచొస్తాయక్కా అని అడిగా. నన్నొకసారి ఎగాదిగా చూసి, "ప్రొద్దుటూరు నుంచి. పొద్దున్నే బస్సుకొస్తాయి" అంది.